కుంపటి, జనరేటరు, మధ్యలో నేను

విజయవాడ పాయకాపురం నుంచి ఒకావిడ రాశారు, పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతాను.

ఆవిడకి 36 ఏళ్లు. డాబా ఇంట్లో మొదటి అంతస్తులో అద్దెకి ఉంటున్నారు, కింద ఇంటివాళ్లు. భర్త, ఏడో తరగతి చదివే అమ్మాయి, అత్తమామలు. మామగారికి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. గ్యాస్ కనెక్షన్ అత్తగారి పేరు మీద తెనాలి దగ్గర సొంతూళ్లోనే ఉండిపోయింది. ఇక్కడ వంటంతా ఇండక్షన్ స్టవ్ మీదే, అవసరానికి వీధి చివర కొట్లో నింపించుకునే ఒక చిన్న బండ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఊరి మీద పడ్డప్పుడు కింది పోర్షన్ మునిగిపోయి ఐదు రోజులు మేడ మీదే ఉండిపోయారు. చిన్న బండ రెండో రోజుకే ఖాళీ. మూడో రోజు మామగారికి షుగర్ పడిపోయి మాట తడబడిందట, పడవలో వచ్చిన కుర్రాళ్లు ఇచ్చిన బిస్కెట్లూ పాలూ నోట్లో పెట్టి గట్టెక్కించారు.

అప్పటినుంచి భర్త వస్తువులు కొంటూనే ఉన్నారు. ఛార్జింగ్ లైట్లు, నాలుగు పవర్ బ్యాంకులు, ఒక టార్చి. ఇప్పుడు జనరేటరు కొందామంటున్నారు, లేకపోతే సోలార్ పెట్టిద్దామంటున్నారు, అందుకోసం అమ్మాయి చదువుకని కడుతున్న చీటీని ముందే పాడేస్తారట. అత్తగారేమో ఊరి నుంచి బొగ్గుల కుంపటి తెప్పించారు. మే నెలలో గాలివానకి రాత్రిపూట కరెంటు పోతే, జల్లు కొడుతోందని వంటింటి తలుపూ కిటికీ వేసేసి కుంపటి మీద ఉప్మా చేశారు. అరగంటకి అత్తగారికీ అమ్మాయికీ తలనొప్పి, పిల్ల వాంతి చేసుకుంది, అప్పుడు ఈవిడ తలుపు తీశారు. బొగ్గు పొగ వాసనకే అనుకున్నారు. ఈవిడ కుంపటి పారేయమన్నారు, అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు. "ఎవరిది రైటో మీరే చెప్పండి. అసలు ఏం కొనాలి, ఎంతలో కొనాలి? మా ఆయనకి ఎలా చెప్పాలి?" అని అడిగారు.

అమ్మా, ఎవరిది రైటన్న పంచాయితీ తర్వాత చేద్దాం. ముందు ఆ వాంతి సంగతి.

అది వాసనకి వచ్చిన వాంతి కాదు. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. బొగ్గు ఎర్రగా రాజుకుని పొగ తగ్గాక మనం "హమ్మయ్య, ఇప్పుడు బాగా కాలుతోంది" అనుకుంటాం చూడండి, అప్పుడూ అది వస్తూనే ఉంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాత మగత. ఆ మగతలో పడుకున్నవాళ్లు లేవకపోవచ్చు. మీ అమ్మాయి వాంతి చేసుకోవడం, మీరు తలుపు తీయడం అదృష్టమే. ఇంకోసారి అలా అనిపిస్తే అందరూ ముందు బయటికి రండి, కుంపటి గురించి తర్వాత చూసుకోవచ్చు, తల తిరుగుడు తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఇది మీ అత్తగారికి చెప్పేటప్పుడు "మీ కుంపటి వల్ల" అనకండి. "తలుపు వేయడం వల్ల" అనండి, నిజం కూడా అదే. ఆవిడ చిన్నప్పుడు కుంపటి పెట్టింది వసారాలోనో పెరట్లోనో అయ్యుంటుంది, మన అద్దె వంటిళ్లలో ఆ గాలి ఎక్కడిది?

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మూడు పేజీలు జనరేటరు, కుంపటి, చీటీ. మామగారి సంగతి మాత్రం ఒక్క వాక్యం, అదీ చివర్లో. నాకు మాత్రం ఉత్తరం అంతా ఆ ఒక్క వాక్యమే అనిపించింది. మీ ఆయన నాలుగు పవర్ బ్యాంకులు కొన్నది ఫోన్ల కోసం కాదు, మీ అత్తగారు కుంపటి తెప్పించింది ఉప్మా కోసమూ కాదు. ఇద్దరూ ఆ మూడో రోజుకే మందు వెతుకుతున్నారు. మీరూ అంతే, కాకపోతే మీరు లెక్కలు వేస్తున్నారు.

కానీ ఆ మూడో రోజుకీ, మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్ పేలి నాలుగు గంటలు కరెంటు పోవడానికీ సంబంధం లేదు. రెంటికీ ఒకే వస్తువు కొనాలని చూడటం వల్లే ఖర్చు లక్ష దాటుతోంది. మామూలు కోత అంటే చెమట, దోమలు, పిల్ల చదువు. వరద అంటే తిండి, నీళ్లు, మందు. మొదటిదానికి కరెంటు నిల్వ కావాలి. రెండోదానికి కరెంటుతో పెద్దగా పనే లేదు.

వంట దగ్గర మొదలుపెడదాం, మీ ఇంట్లో పెద్ద లోటు అక్కడే ఉంది. వంటని కరెంటు మీద పెట్టి, దానికి బ్యాకప్‌గా మళ్లీ కరెంటే వెతుక్కోవడం వట్టి దండగ. ఇండక్షన్ స్టవ్ 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది. మామూలుగా ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టరు 700 వాట్లు మోయడమే ఎక్కువ, స్టవ్ ఆన్ చేయగానే కీచుమని అరిచి ఆగిపోతుంది. పోనీ పెద్ద ఇన్వర్టరే పెట్టారనుకోండి. అన్నం, పప్పు, ఒక కూర కలిపి గంటసేపు స్టవ్ వెలిగితే ఇంచుమించు 1200 వాట్-అవర్లు. ఒక 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ కాగితం మీద 1800 ఇస్తుంది, నష్టాలు పోగా చేతికొచ్చేది 1200, 1300. అంటే ఒక్క పూట వంటకి ఒక బ్యాటరీ మొత్తం. రాత్రికి ఫ్యాన్ లేదు, రేపటికి వంట లేదు.

కాబట్టి గ్యాసే. అత్తగారి కనెక్షన్‌ని ఇక్కడికి మార్పించుకోవడం కుదురుతుందేమో ఊళ్లో ఏజెన్సీని అడగండి, కుదరకపోతే మీ పేరు మీద కొత్తది తీసుకోండి. రేషన్ కార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి, మీకు వర్తిస్తుందో లేదో అక్కడే అడగండి. రెండో బండ కూడా రాయించుకుంటే ఎప్పుడూ ఒకటి నిండుగా ఉంటుంది. అద్దె చిరునామా కాగితాల దగ్గర ఇబ్బంది అయితే 5 కేజీల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు మీదే ఇస్తారు, ఏజెన్సీల్లోనూ కొన్ని పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది. మీ ఐదుగురికి పెద్ద బండ నెల వస్తుందనుకుంటే ఈ 5 కేజీలది పది రోజులు వస్తుంది. వరద రోజుల్లో కుక్కర్ వంటే కాబట్టి ఇంకా ఎక్కువే వస్తుంది. పప్పు ముందే నానబెట్టి, కుక్కర్ ఒక కూత రాగానే దించేసి దుప్పటి చుట్టేస్తే మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. మా అమ్మ పద్ధతి ఇది, అప్పట్లో నవ్వేదాన్ని.

పెద్ద కనెక్షన్ ఖర్చు, తిరుగుడు వద్దనుకుంటే ఒక్క చిన్న సిలిండరుతోనే సరిపెట్టుకోవచ్చు. కానీ అప్పుడు దాన్ని దోసెలకీ పిండివంటలకీ ముట్టుకోకూడదు, సరిగ్గా వాన పడిన రోజునే అది సగం ఉంటుంది. మీ అనుభవమూ అదే కదా, రెండో రోజుకే ఖాళీ అయింది.

కుంపటిని పారేయక్కర్లేదు. మేడ మీద, మెట్ల గది బయట, గాలి ఆడేచోట దానికి ఒక స్థలం పెట్టండి. బొగ్గులు ఒక గోనెసంచిలో పోసి పైన కవరు చుట్టి ఉంచండి. బండ కూడా అయిపోయిన రోజున అది నిజంగా పనికొస్తుంది. వంటకి కరెంటు తీగ మీద ఆధారపడకూడదన్న మాట మీ ఇంట్లో ముందుగా పట్టుకున్నది అత్తగారే, ఆ మాట ఆవిడకి చెప్పండి.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ కొనేముందు తగ్గించుకోవడం ఉంది, అమ్మేవాళ్లెవరూ అది చెప్పరు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై, రెండు ఫోన్లు కలిపి 210 వాట్లు అవుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఐదారు గంటలు నడుస్తాయి. అదే ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారువి అయితే ఒక్కోటి 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, మొత్తం 120కి దిగుతుంది, అదే బ్యాటరీ పది గంటలు లాగుతుంది. రెండో బ్యాటరీ కొనడం కంటే రెండు ఫ్యాన్లు మార్చడం చవక, బిల్లు కూడా తగ్గుతుంది. అద్దె ఇల్లు అని సంకోచించకండి, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్లేవే. ఇన్వర్టరూ అంతే.

మామూలు ట్యూబ్యులర్ బ్యాటరీతో ఇన్వర్టరు పాతిక వేలకి అటూఇటూ అవుతుంది. దానికి మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూడాలి, కుళాయి నీళ్లు పోస్తే పాడవుతుంది. ఛార్జి అయ్యేటప్పుడు గ్యాసు వదులుతుంది కాబట్టి గాలి ఆడేచోటే ఉంచాలి, పడకగదిలో మంచం కింద కాదు. బరువు యాభై కేజీల పైనే. లిథియం బ్యాటరీ అయితే బరువు అందులో మూడో వంతు కూడా ఉండదు, త్వరగా ఛార్జి అవుతుంది, నీళ్లు పోసే పని లేదు, ధర మాత్రం బాగా ఎక్కువ. నీళ్లు వస్తే ఎత్తి అటక మీద పెట్టుకోగలిగేది అదొక్కటే. మీరు ఉండేది మొదటి అంతస్తు కాబట్టి ఆ తేడాకి అంత డబ్బు పెట్టాలా అన్నది మీ ఇష్టం, నేనైతే పెట్టను.

ఎక్కడ పెట్టకూడదో మాత్రం నాకు బాగా తెలుసు. మా ఇంట్లో బ్యాటరీ పెట్టడానికి వచ్చినతను "మెట్ల కింద అయితే సేఫ్ మేడం" అని కిందే బిగించి వెళ్లాడు. నీళ్లు మోకాలి లోతు వచ్చిన రోజున మొట్టమొదట మునిగింది అదే. బ్యాటరీ పోయింది సరే, ఇంకో సంగతి ఆ రోజే తెలిసింది. మేం మెయిన్ ఆపేశాం, ఇక కరెంటు లేదనుకుని నీళ్లలో దిగబోయాం. మెయిన్ ఆపినా ఇన్వర్టరు నడుస్తూ తీగల్లోకి కరెంటు పంపుతూనే ఉంటుంది! మునిగిన ప్లగ్గుల్లోనూ అది ఉంటుంది. ఎదురింటి ఎలక్ట్రీషియన్ కుర్రాడు అరిచి ఆపాడు కాబట్టి ఇది రాస్తున్నాను. నీళ్లు ఇంట్లోకి వచ్చేలా ఉంటే మెయిన్‌తో పాటు ఇన్వర్టరు కూడా ఆపాలి. మీ మీటరు బోర్డు కిందనే ఉంటే నీళ్లు తీశాక ఎలక్ట్రీషియన్ చూడకుండా మళ్లీ ఆన్ చేయొద్దని ఇంటివాళ్లకీ చెప్పండి.

ఇన్వర్టరు అసలు వద్దనుకుంటే? అదీ ఒక దారే. మీ దగ్గర ఛార్జింగ్ లైట్లు, పవర్ బ్యాంకులు ఇప్పటికే ఉన్నాయి. రెండు ఛార్జింగ్ టేబుల్ ఫ్యాన్లు, వైఫైకి ఒక చిన్న యూపీఎస్ కలిపితే ఐదారు వేలలో అయిపోతుంది. రెండు గంటల కోతకి చాలు. మే నెలలో రాత్రంతా పోతే మాత్రం ఉక్కపోతకి నిద్ర ఉండదు, పెద్దవాళ్లున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. మీ వీధిలో కోతలు నెలకి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు అన్నది మీకే తెలియాలి. రెండు నెలలు క్యాలెండర్ మీద రాసి చూడండి, పాలవాడి లెక్కలాగా. కరెంటు వాళ్ల 1912 నంబరుకి ఫిర్యాదు చేసిన రోజులు కూడా రాయండి.

జనరేటరు గురించి మీ ఆయనకి నా మాటగా చెప్పండి. మేడ మీద అద్దెకున్నవాళ్లకి అది పెట్టుకునే చోటే లేదు. బాల్కనీలో పెడితే పొగ కిటికీలోంచి లోపలికే వస్తుంది, అదీ కుంపటి విషమే, ఇంకా ఎక్కువగా. ఐదు రోజులు నడపాలంటే క్యాన్లలో పెట్రోలు ఇంట్లో దాచాలి, గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా నీళ్లు వచ్చి పడవలు తిరిగిన వారంలో ఏ బంకుకి వెళ్లి పెట్రోలు తెచ్చుకునేవారు? కొంతమంది జనరేటరు వైరుకి రెండు వైపులా పిన్నులు పెట్టి గోడ ప్లగ్గులో గుచ్చుతారు, ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్లి స్తంభం ఎక్కిన లైన్‌మేన్‌ని పట్టుకుంటుంది. అపార్ట్‌మెంటులో లిఫ్టుకీ మోటారుకీ అందరూ కలిసి చేంజోవర్ స్విచ్‌తో (లైన్ కరెంటూ జనరేటరు కరెంటూ కలవకుండా చూసేది) పెట్టుకునేదైతే వేరే సంగతి. మీకు కాదు.

సోలార్ మంచిదే. కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది. కానీ ఆ కప్పు మీది కాదు, ఇంటివాళ్లది. ఇంకొకటి, మామూలుగా పెట్టే ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైన్‌కి కలిపి పెట్టేది, లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, ఇందాక చెప్పిన లైన్‌మేన్ కోసమే అలా తయారు చేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ ఫెళ్లున కాస్తున్నా ఫ్యాను తిరగదు. కోతలో కూడా పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీలూ కావాలి, అక్కడే ఖర్చు పైకి పోతుంది. బిల్లు తగ్గించుకోవడానికి సోలార్ అంటే సరే. కోతల కోసం చీటీ పాడి సోలార్ అంటే మాత్రం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏ నెలలో ఎంత నష్టానికి పాడాలో మీ ఆయన్నే కాగితం మీద వేయమనండి.

ఇక మామగారు. ఇన్సులిన్ గురించి అందరికీ ఉండే కంగారు అది చల్లగా ఉందా అన్నది. అది అవసరమే. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తెరిచి వాడుతున్నది చాలా రకాల్లో నాలుగు వారాల వరకు బయట ఉన్నా ఫర్వాలేదు, 30 డిగ్రీలు దాటకపోతే. మన ఊళ్లో ఆ "దాటకపోతే" దగ్గరే చిక్కు. కరెంటు పోయాక తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది, కాబట్టి మాటిమాటికీ తీయకండి. ఆ తర్వాత రెండు మట్టికుండలు ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యలో తడి ఇసుక పోసి, లోపలి కుండలో సీసాని పొడి డబ్బాలో పెట్టి తడిగుడ్డ కప్పండి. ముసురు రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇది అంతగా చల్లబడదు, అప్పుడు ఎండ కూడా ఉండదు లెండి. ఐసుకి నేరుగా తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మీరు వాడే రకానికి ఎన్ని రోజులో పెట్టెలో కాగితం చూసి డాక్టరుని ఒకసారి అడిగి రాసి పెట్టుకోండి.

కానీ మూడో రోజు జరిగింది ఇన్సులిన్ పాడైనందుకు కాదనుకుంటాను. పాడైతే షుగర్ పెరగాలి, ఆయనకి పడిపోయింది. బండ అయిపోయి తిండి తగ్గింది, ఇంజెక్షన్ మాత్రం రోజులాగే పడి ఉంటుంది. అదే అయితే ఆ రోజు ఆయనకి కావలసింది ఫ్రిజ్ కాదు, జనరేటరు అంతకన్నా కాదు. వేళకి ఇంత తిండి. తిండి సరిగా దొరకని రోజున డోసు ఎంత తగ్గించాలి, మానేయొచ్చా అన్నది డాక్టరుని ఇప్పుడే అడగండి, మీ అంతట మీరు మార్చకండి. ఇంట్లో గ్లూకోజు పొడి ప్యాకెట్లు రెండు, షుగర్ చూసే మిషన్‌కి స్ట్రిప్పులు, వారానికి సరిపడా సూదులు వేరే డబ్బాలో ఉంచండి.

పొయ్యి వెలిగించకుండా తినగలిగే తిండి బాధ్యత మీ అత్తగారికి అప్పగించండి. అటుకులు, మరమరాలు, వేరుశెనగలు, కందిపొడి, పాలపొడి, జంతికలు. ఏ డబ్బాలో ఎంత ఉందో, ఎన్నాళ్లుంటుందో ఆవిడకి తెలిసినంత మనకి తెలియదు. వాన హెచ్చరిక రాగానే ట్యాంకు నింపడం, తాగేనీళ్లు బిందెలకి పట్టడం మీ ఆయన పని. మోటారు ఇన్వర్టరు మీద నడవదని ఆయనకి ముందే చెప్పండి, లేకపోతే ఆరోజు ప్రయత్నిస్తారు.

ఆయనతో మాట్లాడేటప్పుడు జనరేటరు వద్దు అని మొదలుపెట్టకండి. ఆ మూడో రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో, ఎన్నింటికి ఇంజెక్షన్, ఎన్నింటికి తిండి, ఇద్దరూ కూర్చుని గుర్తు చేసుకోండి. వాన చినుకు పడితే ఆయన లేచి కూర్చుంటున్నారని రాశారు కదా, తండ్రిని అలా చూసిన మనిషికి ఆ రోజు ఇంకా అయిపోలేదు. నాలుగు పవర్ బ్యాంకులు కొన్నందుకు నవ్వొద్దు. ఆ నాలుగూ ఛార్జి అయి ఉన్నాయా అని నెలకోసారి చూసే పని కూడా ఆయనకే ఇవ్వండి. గ్యాసుకీ, ఫ్యాన్లకీ, ఇన్వర్టరుకీ కలిపి వేసి చూస్తే చీటీ జోలికి వెళ్లకుండానే అయిపోవచ్చు, అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు, గ్యాసు ఈ నెల, ఇన్వర్టరు వచ్చే ఎండాకాలానికి.

ఆ వీధి చివర కొట్లో నింపించే చిన్న బండని మాత్రం ఇంకోసారి నింపించకండి. పెద్ద బండలోంచి ట్యూబు పెట్టి అందులోకి గ్యాసు దింపడం చట్టవిరుద్ధం, దానికి సీలూ ఉండదు, పరీక్షా ఉండదు, వాల్వు ఎప్పుడు వదులుతుందో తెలియదు. గ్యాసు వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తీసి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. కొత్త బండ వచ్చేదాకా ఇండక్షన్‌తోనే నెట్టుకురండి, కరెంటు పోయిన పూట అటుకులు తినండి.